మ్యాప్‌లో ఖాళీగా కనిపించే నేల గురించి: ప్రణాళికలు గీసేవారికి ఒక బహిరంగ లేఖ

భూ వినియోగ ప్రణాళికలు తయారుచేసే అధికారులకు, ఆ పనిలో పాలుపంచుకునే ఇంజనీర్లకు, సర్వేయర్లకు, కన్సల్టెంట్లకు

నమస్కారం.

కొన్నేళ్ల కిందట ఒక ప్రజాభిప్రాయ సేకరణ సభకు వెళ్లాను. గోడకు పెద్ద మ్యాప్ తగిలించారు. ఇళ్లకు ఒక రంగు, పరిశ్రమలకు ఒక రంగు, రోడ్లకు మరొకటి. మధ్యలో ఏ రంగూ లేని పెద్ద ముక్క ఒకటి ఉంది. దాని మీద 'ఖాళీ స్థలం' అని రాసి ఉంది. ఆ చోటు నాకు బాగా తెలుసు. వానాకాలంలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. నీళ్లు తీశాక గడ్డి మొలుస్తుంది, మేకలు మేపుకునేవాళ్లు వస్తారు. వలస పక్షులు కొన్ని నెలలు అక్కడే ఉంటాయి. చుట్టుపక్కల బావులు ఎండాకాలంలో కూడా ఎండిపోకపోవడానికి కారణం ఆ చిత్తడి నేలే. సభలో ఒక పెద్దావిడ లేచి, "అది ఖాళీ అని మీకెవరు చెప్పారు?" అని అడిగింది. వేదిక మీద ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాత రికార్డులో అలా ఉంది, మ్యాప్‌లోకి అలాగే వచ్చేసింది. వాళ్లలో ఎవరూ ఆ నేల మీద అడుగు పెట్టి చూడలేదు.

ఆవిడ ప్రశ్నకు ఆ రోజు జవాబు దొరకలేదు. అదే ప్రశ్న మీ అందరినీ అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. నేను కట్టడాలకు వ్యతిరేకిని కాను. వానకు కారే ఒంటి గదిలో ఆరుగురు సర్దుకుని బతుకుతున్న కుటుంబానికి ఇల్లు కావాలి. ఆసుపత్రి దూరమై ప్రాణాలు పోయేచోట రోడ్డు కావాలి. కరెంటు కావాలి, ఉద్యోగాలు కావాలి. పక్షులున్నాయి కాబట్టి మీరు అలాగే ఉండండి అని వాళ్లతో అనే హక్కు నాకే కాదు, ఎవరికీ లేదు. నా బాధంతా పని జరిగే వరుస గురించి. ఏ నేలలో ఏం కట్టాలో ముందు తేల్చేస్తున్నారు. హద్దులు గీస్తున్నారు, టెండర్ల దాకా వెళ్తున్నారు. అంతా అయ్యాక, అక్కడ ఏమేం బతుకుతున్నాయో, ఎవరెవరు దాని మీద ఆధారపడ్డారో చూసి రమ్మని ఒక బృందాన్ని పంపుతున్నారు. అప్పటికి ఆ బృందం ఏం చెప్పినా చేయగలిగింది ఏముంటుంది? నాలుగు జాగ్రత్తలు రాసి, కొన్ని మొక్కలు నాటమని చెప్పి సంతకం పెట్టడమే మిగులుతుంది. వాళ్లను తప్పు పట్టను. ఆ ప్రశ్న ఆలస్యంగా అడిగినవాళ్లదే తప్పు.

ఖాళీ అని మనం అనుకునే నేల పొద్దున్నుంచి రాత్రి దాకా పనిచేస్తూనే ఉంటుంది. 2005లో విడుదలైన మిలీనియం ఎకోసిస్టమ్ అసెస్‌మెంట్ అనే ప్రపంచస్థాయి అధ్యయనం ఆ పనులను లెక్కలోకి తెచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచి 1,360 మందికి పైగా నిపుణులు అందులో పనిచేశారు. ప్రకృతి మనిషికి చేసే 24 రకాల మేళ్లను పరిశీలిస్తే, 15 క్షీణిస్తున్నాయని తేలింది. తిండి, కలప, నీళ్లు, మందుమొక్కలు మన చేతికి అందే మేళ్లు. వరదనీటిని పట్టి ఉంచడం, మురికిని వడగట్టడం, పంటలకు పరాగసంపర్కం జరగడం, పురుగును పురుగే అదుపు చేయడం కంటికి కనిపించకుండా జరిగిపోయేవి. కూర్చుని కాసేపు ఊపిరి పీల్చుకునే చోటు, పిల్లలు ఆడుకునే చోటు, దేవుణ్ణి కొలుచుకునే చోటు కూడా మేలే. వీటన్నిటికీ అడుగున మట్టి ఉంది. ఒక్క సెంటీమీటరు సారవంతమైన మట్టి తయారు కావడానికి వందల ఏళ్లు పట్టవచ్చు. పునాది తవ్వే యంత్రం దాన్ని ఒక పూటలో ఎత్తి లారీలో పోస్తుంది.

చేతికి అందే వాటికి బజారులో ధర ఉంది, కాబట్టి అవి మీ ప్రాజెక్టు లెక్కల్లోకి వస్తాయి. కనిపించకుండా జరిగే పనికి ధర లేదు. ధర లేదు కాబట్టి ఆ గడిలో సున్నా వేస్తున్నారు. 1999 అక్టోబరులో ఒడిశా తీరాన్ని సూపర్ సైక్లోన్ ముంచెత్తినప్పుడు మడ అడవుల వరుస వెడల్పుగా మిగిలిన చోట, దాని వెనకున్న ఊళ్లలో తక్కువమంది చనిపోయారని తర్వాత జరిగిన అధ్యయనంలో తేలింది. తుఫానుకు ముందు రోజు ఆ చెట్ల విలువ ఎంతని అడిగితే ఎవరైనా ఏం చెప్పేవారు? మహా అయితే వంటచెరకు ధర కట్టేవారు.

ఈ సున్నాను దిద్దుకున్న నగరం ఒకటుంది. న్యూయార్క్ తాగే నీళ్లలో దాదాపు 90 శాతం దూరంలో ఉన్న క్యాట్‌స్కిల్, డెలావేర్ పరీవాహక ప్రాంతాల నుంచి వస్తుంది. 1989లో అమెరికా ప్రభుత్వం కొత్త నియమం పెట్టింది: ఉపరితల నీటిని వడపోసి సరఫరా చేయాలి, లేదంటే వడపోత అక్కర్లేనంత శుభ్రంగా ఉందని నిరూపించాలి. వడపోత ప్లాంటు కట్టాలంటే వందల కోట్ల డాలర్లు కావాలి, ఏటా నడపడానికి మళ్లీ ఖర్చు. నగరం ఇంకో దారి చూసుకుంది. నీళ్లు పుట్టే కొండల్లో నేలను బాగా ఉంచితే నీళ్లు బాగుంటాయి కదా అని అటు తిరిగింది.

ఇక్కడి నుంచి జరిగింది మీకు ఇంకా ముఖ్యం. మొదట నగరం తన పద్ధతిలో కఠినమైన నిబంధనలు ముసాయిదా చేసి పై ఊళ్ల మీదకు పంపింది. అక్కడి రైతులు, ఊరివాళ్లు మండిపడ్డారు. వాళ్ల కోపానికి కారణం ఉంది. అంతకు కొన్ని దశాబ్దాల ముందు ఇదే నగరం తన జలాశయాల కోసం వాళ్ల పల్లెలను ఖాళీ చేయించింది. చివరికి కూర్చుని మాట్లాడుకున్నారు. 1997లో నగరం, రాష్ట్రం, కేంద్ర ప్రభుత్వం, పై ఊళ్లు, పర్యావరణ సంఘాలు కలిసి ఒప్పందం చేసుకున్నాయి. ఇష్టపడి అమ్మినవాళ్ల దగ్గరే నగరం భూమి కొనాలి. ఊళ్లలో చెడిపోయిన సెప్టిక్ ట్యాంకులను నగరం డబ్బుతో బాగు చేయించాలి. పేడ, ఎరువు వాగులో కలవకుండా రైతులు చేసుకునే ఏర్పాట్లకు నగరమే ఖర్చు భరించాలి. వ్యవసాయం ఆగలేదు, ఊళ్లు ఖాళీ కాలేదు. అడవి వల్ల కింద నగరం బాగుపడుతుంటే, అడవిని కాపాడే భారం పైన ఉన్నవాళ్ల మీదే వేయకూడదని ఒప్పుకోవడం ఆ ఒప్పందానికి ప్రాణం.

చాలా ప్రణాళికల్లో కనిపించనిది ఇదే. లాభం ఒకరికి, నష్టం ఇంకొకరికి వెళ్తుంది. చిత్తడి నేల పూడ్చి ఇళ్లు కడితే కొన్నవాళ్లకు ఇల్లు వస్తుంది, అమ్మినవాళ్లకు డబ్బు వస్తుంది. నీళ్లు మళ్లడానికి చోటు లేక మునిగేది మాత్రం కింద ఉన్న వీధి. అడవిని కాపాడినప్పుడూ అంతే. గాలి, నీరు అందరివీ. రాత్రిపూట ఏనుగులో అడవి పందులో చేను తొక్కితే ఆ నష్టం ఒక్క రైతుది. కోస్టారికా ఈ లెక్కను కొంతవరకు సరిచేసింది. 1996లో చట్టం చేసి, మరుసటి ఏడాది నుంచి అడవిని నిలబెట్టిన భూయజమానులకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. అందులో పెద్ద భాగం ఇంధనం మీద వేసిన పన్ను నుంచి వచ్చింది. ఒకప్పుడు పశువుల మేత కోసం అడవులు నరుక్కుంటూ పోయిన ఆ దేశంలో ఇప్పుడు సగానికి పైగా నేల మీద చెట్లున్నాయి. ఇదంతా ఈ డబ్బు వల్లే జరిగిందని చెప్పను. అడవిని నరికి ఆ నేలను వేరే పనికి వాడటాన్ని నిషేధించారు, మాంసం ధరలు పడిపోయాయి, పర్యాటకం పెరిగింది. అయినా చెట్టు నిలబడినందుకు యజమాని నష్టపోకూడదన్న ఆలోచన నాకు నచ్చింది.

ఇంతవరకు చదివి, అయితే ప్రకృతి మేళ్లకు ధర కట్టి లెక్కల్లో కలిపేస్తే సరిపోతుందిగా అని మీలో కొందరు అనుకోవచ్చు. సరిపోదు. జీవవైవిధ్యం, మనిషికి కలిగే మేలు చాలాసార్లు కలిసే నడుస్తాయి, అప్పుడప్పుడు విడిపోతాయి. పాత గడ్డిభూమిని దున్ని, ఒకే జాతి చెట్లు వరుసగా నాటితే, గాలిలోని కార్బన్‌ను ఎంత పీల్చుకున్నాయన్న లెక్కలో మంచి మార్కులు పడతాయి. కానీ ఆ గడ్డిలో గూడు పెట్టే పక్షికి, నేల మీద పాకే బల్లికి, మంద తోలుకొచ్చే కాపరికి అక్కడ బతుకు ఉండదు. గడ్డిభూమి అంటే చెట్లు పోయిన అడవి అనే అపోహ మన రికార్డుల్లో బలంగా పాతుకుపోయింది. 'బంజరు' అన్న ఒక్క మాట కింద ఎన్ని రకాల సజీవమైన నేలలను కుక్కేశామో ఎవరైనా కూర్చుని లెక్క తీయాలి. ఇక, ఒక జాతి చేసే మేలు అది పోయాకే తెలిసే సందర్భాలున్నాయి. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల దక్షిణాసియాలో రాబందులు కుప్పకూలాయి. అవి పోయాక కళేబరాలు కుళ్లుతూ పడి ఉండటం చూశాకే, రాబందులు ఇన్నాళ్లూ ఎంత పని చేశాయో జనానికి అర్థమైంది. అంతకు ముందు ఎవరైనా రాబందు విలువ లెక్కకట్టి ఉంటే ఎంత వేసేవారు? అందుకే కొన్నిటిని లెక్కలు తేలేదాకా ఆగకుండా, అవి బతికి ఉన్నాయన్న కారణం చేతే కాపాడాలి.

జీవులను కాపాడతామని మనుషులను వెళ్లగొట్టడం కూడా అన్యాయమే. 1872లో ఎల్లోస్టోన్‌ను జాతీయ పార్కు చేశాక, తరతరాలుగా ఆ నేలతో ముడిపడి బతికిన మూలవాసులను దానికి దూరం చేశారు. ఆ తర్వాత చాలా దేశాలు అదే బాటలో నడిచాయి. ప్రపంచంలో కనీసం నాలుగో వంతు నేలను ఆదివాసులు, మూలవాసులు సంప్రదాయంగా వాడుకుంటూనో, నిర్వహిస్తూనో ఉన్నారని జీవవైవిధ్యం మీద దేశాలన్నీ కలిసి పెట్టుకున్న శాస్త్ర వేదిక ఐపీబీఈఎస్ 2019 నివేదిక చెప్పింది. అలాంటి చోట్ల ప్రకృతి క్షీణత మిగతా చోట్ల కంటే నెమ్మదిగా ఉందని కూడా ఆ నివేదికలోనే ఉంది. ఉమ్మడి వనరును జనమే నియమాలు పెట్టుకుని చక్కగా నడుపుకోగలరని ఎలినోర్ ఆస్ట్రమ్ ఏళ్ల తరబడి పరిశోధించి చూపించారు, 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. కాబట్టి మ్యాప్‌లో ఆకుపచ్చ రంగు వేసేటప్పుడు కూడా అక్కడ ఎవరున్నారో అడగాలి.

ఇప్పుడు పూర్తిగా మీ చేతిలో ఉన్న విషయానికి వస్తాను. గీత ఎక్కడ గీస్తారన్నదే అది.

బ్రెజిల్‌లో మనౌస్ నగరానికి దగ్గర్లో 1979లో జీవశాస్త్రవేత్త థామస్ లవ్‌జాయ్ ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టారు. పశువుల మేత కోసం అడవి నరుకుతున్న చోట 1, 10, 100 హెక్టార్ల ముక్కలను వదిలేయించి, వాటిలో ఏం జరుగుతుందో ఏళ్ల తరబడి చూశారు. చెట్లను ఎవరూ ముట్టుకోకపోయినా ముక్కలు లోపలి నుంచి మారిపోయాయి. అంచుల దగ్గర వేడి, గాలి చొరబడి పెద్ద చెట్లు విరిగిపోయాయి. నీడలో మాత్రమే బతికే పక్షులు చిన్న ముక్కల నుంచి మాయమయ్యాయి. ప్రపంచంలో మిగిలిన అడవిలో 70 శాతం ఏదో ఒక అంచుకు కిలోమీటరు లోపే ఉందని 2015లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే కొత్త అంచులు పుట్టేది రోడ్డు గీత దగ్గర, కాలువ గీత దగ్గర, లేఅవుట్ హద్దు దగ్గర. 'ఈ ప్రాజెక్టుకు పోయే అడవి రెండు శాతమే' అని నివేదికలో రాస్తారు. ఆ రెండు శాతం అడవి నడిమధ్య నుంచి పోతే మిగిలిన 98 శాతం రెండు ముక్కలవుతుంది. అదే రోడ్డు ఇప్పటికే చెదిరిన అంచు పక్కగా పోతే పోయే హెక్టార్లు అన్నే, నష్టం ఎన్నో రెట్లు తక్కువ. ఈ తేడాకు అదనపు బడ్జెట్ చాలాసార్లు అక్కర్లేదు. కాస్త ముందుగా ఆలోచిస్తే చాలు.

రోడ్డు తప్పించలేని చోట జంతువులు దాటడానికి దారి విడిచిపెట్టవచ్చు. కెనడాలో బాన్ఫ్ జాతీయ పార్కు గుండా పోయే హైవే మీద వంతెనలు, కింద సొరంగ దారులు కలిపి 40కి పైగా కట్టారు. రెండు పక్కలా కంచె వేశారు. వాహనాలు జంతువులను ఢీకొట్టే ప్రమాదాలు 80 శాతానికి పైగా తగ్గాయి. మనుషుల ప్రాణాలూ దక్కాయి.

నదులకు కూడా ఇలాగే చోటు విడవాలి. నెదర్లాండ్స్‌లో 1995లో వరద భయంతో దాదాపు రెండున్నర లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. అంతవరకు వాళ్లకు తెలిసిన మందు ఒకటే, కరకట్ట ఇంకొంచెం ఎత్తు పెంచడం. ఆ తర్వాత పద్ధతి మార్చి, 30కి పైగా చోట్ల నదికి జాగా ఇచ్చారు. నైమెగెన్ దగ్గర కరకట్టను వెనక్కి జరిపి, నదికి పక్కన ఇంకో పాయ తవ్వారు. అక్కడ కొన్ని ఇళ్లు పోయాయి, పోగొట్టుకున్నవాళ్ల బాధ నిజం. ఓవర్‌డీప్సె అనే పోల్డర్‌లో, అంటే చుట్టూ కరకట్టలు కట్టి కాపాడుకునే పల్లపు నేలలో, రైతులే ఒక ప్రతిపాదనతో ముందుకొచ్చారు. ఎత్తైన దిబ్బలు కట్టి వాటి మీదకు ఇళ్లు, కొట్టాలు మార్చుకుంటాం, పెద్ద వరద వచ్చినప్పుడు పొలాల్లోకి నీళ్లు రానివ్వండి అన్నారు. కొందరు భూమి వదిలి వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు ఇప్పటికీ అక్కడే పశువులను పెంచుకుంటున్నారు. రైతును ముందే పిలిచి అడిగారు కాబట్టే ఆ ఆలోచన బయటికి వచ్చింది. డిజైన్ అయిపోయాక పిలిచి ఉంటే ఆ రైతు అభ్యంతరం మాత్రమే చెప్పి ఉండేవాడు.

'పోయినదానికి బదులు ఇంకోచోట పెంచుతాం' అనే పద్ధతి గురించి కూడా చెప్పాలి. ఇలాంటి పనికి నిపుణులు ఒప్పుకున్న వరుస ఒకటుంది: ముందు నష్టం జరగకుండా తప్పించు, తప్పకపోతే తగ్గించు, చెడినదాన్ని బాగు చెయ్యి, ఇంకా మిగిలిన నష్టానికే బదులు ఇవ్వు. ఆచరణలో మొదటి మూడూ దాటేసి నాలుగోదానికి దూకుతున్నాం. అమెరికాలో 1989 నుంచి చిత్తడి నేలలు మొత్తం మీద తగ్గకూడదన్న విధానం ఉంది. ఒకచోట పూడిస్తే ఇంకోచోట తయారు చేయాలి. పుష్కరం తర్వాత, 2001లో అక్కడి శాస్త్ర సలహా సంస్థ నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ పరిశీలించి, చిత్తడి నేలలు చేసే పనుల విషయంలో ఆ లక్ష్యం నెరవేరడం లేదని తేల్చింది. గుంత తవ్వి నీళ్లు నింపగలం. వందల ఏళ్లుగా కుదురుకున్న మట్టిని, వేళ్లను, పురుగులను, ఏటా అదే చోటుకు వచ్చే పక్షిని ఎలా తెచ్చి పెడతాం? ఇంగ్లండ్‌లో 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద నిర్మాణాలు చేపట్టేవారు అక్కడి జీవవైవిధ్యాన్ని ముందున్నదాని కంటే కనీసం 10 శాతం ఎక్కువ చేసి, 30 ఏళ్లు కాపాడాలని నియమం వచ్చింది. మంచి ప్రయత్నమే అనుకుంటున్నాను. కానీ 29వ ఏట వెళ్లి చూసేదెవరో నియమంలోనే రాసి ఉంచకపోతే ఆ 10 శాతం కాగితం మీదే మిగిలిపోతుంది.

2022 డిసెంబరులో మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలు జీవవైవిధ్యం మీద 23 లక్ష్యాలకు ఒప్పుకున్నాయి. అందరూ మూడో లక్ష్యం గురించి మాట్లాడుతున్నారు: 2030 కల్లా నేలలో, సముద్రంలో 30 శాతం కాపాడాలి. నాకు మాత్రం మొదటి లక్ష్యం ఇంకా పెద్దదనిపిస్తుంది. మొత్తం నేలను, సముద్రాన్ని జీవవైవిధ్యాన్ని కలుపుకున్న, అందరి భాగస్వామ్యం ఉన్న ప్రణాళికల కిందికి తేవాలనీ, ముఖ్యమైన జీవవైవిధ్య ప్రాంతాలు పోవడాన్ని 2030 కల్లా సున్నాకు దగ్గరగా తేవాలనీ అది చెబుతోంది. ఆ లక్ష్యం నేరుగా మీ బల్ల మీదకు వచ్చింది. దేశాలు ఒప్పుకున్నాయి, కానీ ఆ పని జరిగేది మీ గదిలో, మీ స్క్రీన్ మీద.

కాబట్టి నేను అడిగేది ఇంతే. రంగులు వేయకముందు నేల మీదకు వెళ్లండి, ఒక్కసారితో ఆపకుండా వానల్లో ఒకసారి, ఎండల్లో ఒకసారి వెళ్లండి. ఎండాకాలంలో ఒక్కరోజు చూసి వచ్చిన బృందానికి చిత్తడి నేల మైదానంలానే కనిపిస్తుంది. కొత్త నేల అడిగే ముందు ఇప్పటికే పాడైన నేల, మూతపడిన ఫ్యాక్టరీల జాగా, సగం కట్టి వదిలేసిన లేఅవుట్లు ఎంత ఉన్నాయో లెక్క తీయండి. నగరం పక్కకు పరుచుకునే బదులు ఉన్నచోటే కాస్త దగ్గరగా, ఎత్తుగా కట్టుకుంటే ఎంత నేల మిగులుతుందో జనానికి చూపించండి. అలా కట్టేటప్పుడు గాలి, నీడ, నడిచే చోటు లేని పెట్టెలు కట్టవద్దు, పేదవాళ్లకు కూడా ఇంటి దగ్గర్లో చెట్టు కావాలి. ప్రతి ప్రతిపాదన పక్కన లాభం ఎవరికి, నష్టం ఎవరికి అని పేరు పేరునా, వీధి వీధినా రాయండి. కట్టడాలు, జీవవైవిధ్యం, మనుషులకు ప్రకృతి చేసే మేలు, ఈ మూడు కోరికలూ కొన్ని చోట్ల ఒకే నేల మీద తీరవు. అప్పుడు ఏది వదులుకున్నారో, ఎందుకో దాచకుండా చెప్పండి. మేము ఒప్పుకోకపోవచ్చు, కానీ అబద్ధం చెప్పారన్న కోపం మాత్రం ఉండదు.

మీ మీద ఒత్తిళ్లు ఉంటాయని తెలుసు. గడువులు, పైనుంచి ఫోన్లు, ఆ టెన్షన్ నేను ఊహించగలను. మీలో చాలామందికి ఇవన్నీ నాకంటే బాగా తెలుసు కూడా. తెలిసినది ముందే ఫైల్లో రాసి పెట్టండి. తర్వాత ఎవరు కొట్టేసినా, ఎవరు కొట్టేశారో కనిపిస్తుంది.

వచ్చే సభకు మ్యాప్ తెచ్చినప్పుడు, దాని పక్కనే ఇంకో కాపీ కూడా తగిలించండి. దాని మీద ఏ రంగూ, ఏ పేరూ వద్దు. ఒక పెన్ను కట్టి ఉంచండి. ఆ పెద్దావిడ ఇంకా అక్కడే మేకలు మేపుతోంది. వానాకాలంలో నీళ్లు ఎంతవరకు వస్తాయో, ఏ నెలలో ఏ పక్షి దిగుతుందో, ఏ బావికి ఎటునుంచి ఊట వస్తుందో ఆవిడే గీసి చూపిస్తుంది.

ఇట్లు,
ఆ సభలో వెనక వరుసలో కూర్చున్న ఒక పౌరురాలు